గుడికి రాలేని విశ్వాసికి ఆదివారం ఆరాధనను చేర్చడం ఎలా?

గుంటూరులోనైనా విజయవాడలోనైనా ఆదివారం ఉదయం ఏ క్రైస్తవ మందిరంలోకి అడుగుపెట్టినా ప్రసంగ వేదిక ఎదుట ఒక స్టాండు, దాని మీద ఆరాధనను ప్రత్యక్ష ప్రసారం చేసే ఒక ఫోను కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలయ్యే వరకు ఇది పెద్ద సంఘాలకే ఉన్న సదుపాయం. ఆ ఏడాది ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న ఈస్టరు వచ్చాయి. తలుపులు మూసిన మందిరంలో సంఘకాపరి ఒక్కరే నిలబడి ఖాళీ బల్లల ఎదుట పునరుత్థాన సందేశం చెప్పవలసి వచ్చినప్పుడు, కుర్రవాళ్ల ఫోన్లే ఆయనను సంఘానికి చూపించాయి. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించింది, మనుషులు తిరిగి వచ్చారు, ఫోను స్టాండు మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. అది ఇంకా ఎవరి కోసం ఉందో చాలా సంఘాలు కూర్చుని మాట్లాడుకోలేదు. ఈ మార్గదర్శిని ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఏ మైకు కొనాలన్నా, ప్రసంగం ఎంతసేపు ఉండాలన్నా, దేనిని బయటపెట్టి దేనిని దాచాలన్నా దాని జవాబు మీదనే ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఒక నోటుపుస్తకం

నేను గుంటూరులో ఒక సంఘానికి పెద్దగా ఉంటూ ఆరేళ్లుగా ఈ ప్రసార బాధ్యత చూస్తున్నాను. విజయవాడలో అజిత్‌సింగ్ నగర్ వైపున్న రెండు చిన్న సంఘాలకు కూడా ఇందులో చేయూతనిచ్చాను. ప్రతిచోటా మొదట వినబడే మాట ఒకటే: “ఛానెల్ పెట్టాలి, సబ్‌స్క్రైబర్లు పెరగాలి.” దయచేసి ఆ మాటను ఒక నెల పక్కన పెట్టండి. ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకుని, గడిచిన నాలుగు ఆదివారాలు గుడికి రాలేకపోయిన మీ సంఘస్థుల పేర్లు రాయండి. మంచం పట్టిన అవ్వలు, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లి నీరసించిన వారు, పచ్చి బాలింతలు, ఆదివారం డ్యూటీ పడిన నర్సులు, విజయవాడ జంక్షన్ నుంచి బండ్లు నడిపే రైల్వే రన్నింగ్ స్టాఫు, ఆర్టీసీ డ్రైవర్లు, హైదరాబాదు, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో ఉన్న పిల్లలు అందులో ఉంటారు. నూటయాభై కుటుంబాలున్న సంఘంలో ఇరవై, ముప్పై పేర్లు సులభంగా వస్తాయి. ఒక్కొక్క పేరు ఎదుట ఆ ఇంట్లో ఉన్న ఫోను ఎలాంటిది, దాన్ని నొక్కి పెట్టేవారు ఎవరు, చెవి వినబడుతుందా, కన్ను కనబడుతుందా అని రాసుకోండి. మీ ప్రసారానికి శ్రోతలు వారే. మిగతా లోకం వింటే సంతోషమే, అయితే ఏర్పాట్లన్నీ ఈ ముప్పై మందికి సరిపోయేలా చేయాలి.

ఈ జాబితా రాసినప్పుడే ఇంకొక సంగతి తెలిసిపోతుంది. అందులో కొందరికి బటన్ ఫోను తప్ప ఇంకేమీ లేదు. వారికి యూట్యూబ్ లింకు పంపి లాభం లేదు. ప్రసంగాన్ని ఆడియోగా మార్చి చిప్పులో, అంటే మెమరీ కార్డులో వేసి, చిన్న స్పీకరు పెట్టెలో పెట్టి ఇవ్వాలి. పాత చిప్పు తీసుకుని కొత్తది ఇవ్వడానికి వారం వారం ఒక యవనస్థుడు ఆ ఇంటికి వెళ్తాడు. ఈ పని చూడడానికి పాతకాలపుదిగా అనిపించవచ్చు గాని, మా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలించింది ఇదే.

బొమ్మ తరువాత, మాట ముందు

మొదటి ఆరు నెలలు మేము చేసిన పొరపాటు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కెమెరా బాగుండాలని కొత్త ఫోను కొన్నాము, దానిని వేదికకు ముప్పై అడుగుల దూరంలో పెట్టి, శబ్దాన్ని దాని సొంత మైకుకే వదిలేశాము. నల్లపాడు వైపు ఉండే ఒక అవ్వ దగ్గరికి వెళ్లి ఎలా ఉందని అడిగితే, “అయ్యగారు బావిలోంచి మాట్లాడుతున్నట్టుంది నాయనా, ఫ్యాను మోత మాత్రం బాగా వినపడుతోంది” అన్నది. బొమ్మ మసకగా ఉన్నా మనిషి ఓర్చుకుంటాడు, మాట అర్థం కాకపోతే రెండు నిమిషాల్లో కట్టేస్తాడు.

సరైన పద్ధతి ఇది. మందిరంలోని మిక్సరుకు, అంటే మైకుల శబ్దాలన్నీ కలిపే పెట్టెకు, ఆక్స్ అవుట్ అని శబ్దాన్ని విడిగా బయటికి పంపే ఒక మార్గం ఉంటుంది. దాని నుంచి శబ్దాన్ని నేరుగా ఫోనుకు గాని, కంప్యూటరుకు గాని పంపాలి. మిక్సరు నుంచి వచ్చే సిగ్నలు ఫోను మైకు తీసుకోగలిగిన దానికంటే బలమైనది కాబట్టి మామూలు తీగ గుచ్చితే గొంతు పగిలినట్టు వినిపిస్తుంది. మధ్యలో ఆ సిగ్నలును ఫోనుకు సరిపడేలా మార్చే ఒక చిన్న సౌండ్ కార్డు పెట్టడం మంచిది. అది లేకపోతే ఆక్స్ మీటను బాగా తగ్గించి పరీక్షించాలి. ఆక్స్ వల్ల మరొక లాభం ఉంది: స్పీకర్లలోకి వెళ్లేది వేరు, ప్రసారంలోకి వెళ్లేది వేరు. మన సంఘాల్లో మైకుకు ఎకో పెట్టడం మీద ఉన్న మక్కువ అందరికీ తెలిసిందే. పాటకు అది అందమనుకున్నా, వాక్యానికి మాత్రం ఒక్కొక్క మాటా వెనకటి మాట మీద పడి చెవికి చేరదు. ప్రసారపు మార్గంలో ఎకోను పూర్తిగా తీసేయండి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్స్ శబ్దాన్ని కూడా అక్కడ తగ్గించి, పాడేవారి గొంతును పైకి తేవాలి. సంఘమంతా కలిసి పాడే ధ్వని వినిపించకపోతే ఇంట్లో ఉన్నవారికి తాము ఒంటరిగా ఉన్నట్టనిపిస్తుంది. అందుకే గోడ దగ్గర ఒక మామూలు మైకును ప్రజల వైపు తిప్పి పెట్టి, దాని శబ్దాన్ని కొద్దిగా ప్రసారంలో కలపండి. ఆ పని చేసిన వారం ఎవరికీ చెప్పలేదు, అయినా ముగ్గురు ఫోన్ చేసి “ఈవేళ గుళ్లో కూర్చున్నట్టుంది” అన్నారు.

డబ్బు కొద్దిగానే ఉంటే సంఘకాపరికి కాలరు మైకు, ఒక సౌండ్ కార్డు కొనండి. ఆ తరువాత స్టాండు. కెమెరా ఆఖరున. ఏ వస్తువు కొన్నా దానిని నడిపేవారు కనీసం ఇద్దరు ఉండేలా చూసుకోవాలి. ఒక్కడే నేర్చుకుంటే, ఆ కుర్రవాడికి ఉద్యోగం వచ్చి ఊరు దాటిన రోజున పరిచర్య ఆగిపోతుంది.

నెట్టు, ఫోను

వీడియోకు 720పి నాణ్యత చాలు. దానికి సెకనుకు 4 మెగాబిట్ల వరకు అప్‌లోడ్ వేగం అవసరం కాబట్టి లైనులో అంతకు రెట్టింపు ఉంటే నిశ్చింత. వేగాన్ని మంగళవారం సాయంత్రం కాకుండా ఆదివారం ఆరాధన సమయంలోనే, మందిరం నిండి ఉన్నప్పుడే కొలవాలి. ఆ లెక్కన గంటకు సుమారు 1.8 జీబీ ఖర్చవుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ ప్యాక్ మీద ఆధారపడితే సరిగ్గా ప్రసంగం మధ్యలో ప్రసారం ఆగుతుంది. అందుకే ఫైబరు కనెక్షను పెట్టించుకుని, ఫోను డేటాను ఆపద్ధర్మంగా ఉంచుకోవాలి.

యూట్యూబ్‌లో మొదటిసారి ప్రత్యక్ష ప్రసారాన్ని తెరవాలంటే ఫోను నంబరుతో ఛానెల్‌ను ధ్రువీకరించాలి. ఆ అనుమతికి 24 గంటలు పట్టవచ్చు. ఫోను యాప్ నుంచే నేరుగా ప్రసారం చేయాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. అంతమంది లేకపోతే కంప్యూటరులో ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేరు వాడవచ్చు. క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఇవన్నీ మొదలుపెట్టే సంఘాలు ప్రతి ఏటా ఉంటాయి.

శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం జరుగుతుంది. మన కృష్ణా, గుంటూరు ఎండల్లో మూడు గంటలపాటు ఛార్జింగు పెట్టి నడిపిన ఫోను వేడెక్కి దానంతట అదే ఆగిపోతుంది. ఫోనుకున్న కవరు తీసేసి, కిటికీ ఎండ పడని చోట పెట్టి, చిన్న ఫ్యాను గాలి తగిలేలా చూడండి. ఏడుగురు ప్రసంగీకులు ఉంటారు కాబట్టి మూడో మాటకూ నాలుగో మాటకూ మధ్య పాట వచ్చినప్పుడు ఫోను మార్చుకోవచ్చు.

ప్రసంగం

సంఘకాపరులకు చెప్పవలసినది ఇక్కడే ఎక్కువ. అపొస్తలుడైన పౌలు త్రోయలో అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యవనస్థుడు నిద్రలో జారి మూడో అంతస్తు నుంచి కింద పడిన సంగతి అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఉంది. పౌలు దిగివచ్చి అతనిని కౌగిలించుకున్నాడు. తెరకు అవతల నిద్రపోయిన ఐతుకును ఎవరూ చూడరు. ఆ తేడా తెలిసి ప్రసంగించాలి.

అలాగని ఆదివారం ప్రసంగాన్ని తెర కోసం కుదించమని నేను చెప్పడం లేదు. మందిరంలో 45 నిమిషాలు వినే సంఘానికి 45 నిమిషాలే ఇవ్వండి. తొందరపడి మూడు నిమిషాల ముక్కలకు సరిపడే మెరుపు మాటలు వెతకడం మొదలుపెట్టిన ప్రసంగీకుడు బైబిలు వాక్యభాగాన్ని వదిలి చమత్కారపు మాటలను వేటాడతాడు. పెద్దగా అరవడం, ప్రతి మాట తరువాత చప్పట్లు కోరడం కూడా అక్కడి నుంచే వస్తాయి. చేయవలసినది వేరే ఉంది. ప్రసంగం మొదట్లో అధ్యాయం, వచనం నెమ్మదిగా రెండుసార్లు చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఉన్నవారికి పక్కన కూర్చుని పేజీ చూపించేవారు లేరు. ప్రసంగం మధ్యలో రెండుసార్లు కెమెరా వైపు నేరుగా చూసి, “ఇంటి దగ్గర మంచం మీద నుంచి వింటున్న అమ్మలారా, అయ్యలారా” అని పిలవాలి. పేర్లు చెప్పకండి, ఎవరు జబ్బుగా ఉన్నారో లోకానికి తెలియనవసరం లేదు. అయినా తమనే పిలిచారని వారికి తెలుస్తుంది. ప్రసంగానికి ముందు ప్రకటనలు ఇరవై నిమిషాలు నడిచే సంఘాలు వాటిని ప్రసారం నుంచి తప్పించి, ఆ సమయంలో తెర మీద ఆ రోజు వాక్యభాగాన్ని ఉంచవచ్చు.

తెర మీద వాక్యం వేసేటప్పుడు ఒక సాంకేతిక చిక్కు ఉంది. మన డీటీపీ షాపుల్లో చాలా ఏళ్లుగా అను ఫాంట్లలో టైపు చేస్తున్నారు. ఆ ఫైలును ఫోనులోకి పంపితే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చిగీతలు వస్తాయి, గూగుల్‌లో వెతికినా దొరకవు. ఏ ఫోనులోనైనా తెలుగు సరిగ్గా కనబడే యూనికోడ్ పద్ధతిలోనే టైపు చేయించుకోండి. మండలి, రామభద్ర వంటి ఖతులు ఉచితంగా దొరుకుతాయి. ఒక్కో స్లయిడు మీద రెండు మూడు పంక్తులకు మించకూడదు, ముదురు నేపథ్యం మీద తెల్లని అక్షరాలు వేయాలి. పువ్వులు, పావురాలు, సూర్యోదయాల మీద అక్షరాలు పెడితే కంటి ఆపరేషను చేయించుకున్న వారికి ఒక్క ముక్క కనబడదు. ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలకు బైబిలు పాత అనువాదంలోని గ్రాంథిక భాష కొరుకుడు పడదన్నది నిజం. దానికి మందు తేలిక అనువాదంతో సరిపెట్టడం ఒక్కటే అనుకోను. “వ్రాయుటకు”, “చేయవలెను” అన్న రూపాలను సంఘకాపరి చదివి, వెంటనే వాడుక మాటల్లో చెప్తే పిల్లలు రెండూ నేర్చుకుంటారు.

ప్రసంగం తయారీలో కృత్రిమ మేధ వాడుతున్న వారు ఇప్పుడు తక్కువేమీ కాదు. అది లేని వచనాన్ని ఉన్నట్టు, ఒకరి మాటను మరొకరిదిగా ఎంతో నమ్మకంగా చెప్పగలదు. అది ఇచ్చిన ప్రతి సూచికను బైబిలు తెరిచి చూసుకోవాలి. అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం వేరే ఉంది: ఆ వారం సంఘంలో ఎవరి ఇంట్లో చావు జరిగిందో, ఎవరి మిర్చి పంటకు ధర రాలేదో దానికి తెలియదు.

ఆదివారం ప్రసారం ముగిశాక అసలు పని ఒకటి మిగిలి ఉంటుంది. ప్రసంగాన్ని మాత్రమే కత్తిరించి, మోనో (ఒకే చానెల్) ఆడియోగా, 32 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వేగంతో మార్చండి. 40 నిమిషాల ప్రసంగం 10 ఎంబీ లోపే వస్తుంది. తక్కువ డేటాతో, వంట చేసుకుంటూ, బస్సులో వెళ్తూ, నిద్ర పట్టని రాత్రి కళ్లు మూసుకుని వినవచ్చు. మా సంఘంలో వీడియో చూసేవారికంటే ఆడియో వినేవారే ఎక్కువ. వీడియోకు శీర్షిక పెట్టేటప్పుడు “అద్భుత సందేశం” అని కాకుండా వాక్యభాగం, విషయం రాయండి. చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతుకుతారు కాబట్టి వివరణలో ఆ రూపం కూడా ఒకసారి ఉంచండి.

ప్రభువు బల్ల, అంటే రొట్టె, రసం పుచ్చుకునే సంస్కారం విషయంలో ఒక్కొక్క శాఖ బోధ ఒక్కొక్క విధంగా ఉంది కాబట్టి మీ సంఘ క్రమాన్ని అనుసరించండి. నా అభిప్రాయం అడిగితే, తెర ముందు రొట్టె, రసం పెట్టుకోమని చెప్పడం కంటే ఆ వారంలోనే సంఘకాపరి బల్లను ఇంటికి తీసుకువెళ్లడం మేలు. అది మన పెద్దలు రోగుల కోసం ఎప్పటి నుంచో చేస్తున్నదే. బల్ల దగ్గరికి వచ్చే వారి ముఖాలను కెమెరాతో పట్టకండి. ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో ఊరంతా లెక్కపెట్టుకునే అవకాశం ఇవ్వకూడదు.

పాటలు, హక్కులు

మందిరంలో ఆరాధన సందర్భంగా పాట పాడుకోవడానికి 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను వెసులుబాటు ఇస్తుంది. యూట్యూబ్‌లో మాత్రం యంత్రమే విని, పోల్చి, హక్కుదారు పేరు చూపించి అభ్యంతరం పెడుతుంది. దానితో వాదించే ఓపిక చిన్న సంఘానికి ఉండదు. హక్కుదారు ఫిర్యాదు మీద 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు, అంటే ఉల్లంఘన హెచ్చరికలు, పడితే ఛానెలే పోవచ్చు. ఎక్కువగా పట్టుబడేది పెన్‌డ్రైవ్‌లోంచి వేసే ట్రాకు (ముందే రికార్డు చేసిన వాద్యసంగీతం), ఎందుకంటే అది మరొకరి రికార్డింగు. మీ కీబోర్డు మీద మీరే వాయించుకుంటే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

రచయిత మరణించిన తరువాత 60 ఏళ్లకు పాట హక్కులు ముగుస్తాయి. 1803లో పుట్టి 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి కీర్తనలను ఎవరైనా పాడవచ్చు, ప్రసారం చేయవచ్చు. అవే కీర్తనలను నిన్నగాక మొన్న ఒక గాయకుడు పాడి రికార్డు చేస్తే ఆ రికార్డింగు మీద హక్కు అతనిదే. పాత కీర్తనలు తెలిసిన అవ్వలకు ప్రసారంలో అవి వినబడితే ఎంత ధైర్యమో చూసినవారికే తెలుస్తుంది, కాబట్టి ఈ చట్టపు లెక్క మనకు మేలుగానే పడింది.

వాట్సాప్, ప్రార్థన మనవులు, సాక్ష్యాలు

సంఘం మొత్తాన్ని ఒకే వాట్సాప్ గ్రూపులో వేయడం అందరూ చేసే మొదటి పని. గ్రూపులో 1024 మంది వరకు పడతారు, ప్రతివారి నంబరు ప్రతివారికీ కనబడుతుంది. పెళ్లికాని ఆడపిల్లల నంబర్లు, విధవరాళ్ల నంబర్లు తెలియని వారి చేతికి ఇలాగే చేరతాయి. ప్రకటనలకు, ప్రసంగపు ఆడియోకు వాట్సాప్ ఛానెల్ మేలు, అందులో ఒకరి నంబరు మరొకరికి కనబడదు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడితే ఒక జాబితాలో 256 మందికే చోటుంటుంది, పైగా మీ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది. ఈ సంగతి తెలియక “పంపాము కదా” అనుకునే సంఘాలు ఉన్నాయి. పెద్ద గ్రూపు తప్పదనుకుంటే అడ్మిన్లు మాత్రమే రాసేలా పెట్టండి. లేకపోతే తెల్లవారుజామున నలభై వాగ్దాన వచనాల బొమ్మల కింద అంత్యక్రియల సమాచారం పూడిపోతుంది.

ప్రార్థన మనవులను గ్రూపులో పెట్టనివ్వకండి. “ఫలానా సహోదరి గర్భసంచి ఆపరేషను కోసం”, “ఫలానా కుమారుడు తాగుడు మానేలా” అని రాసిన మాట ఒక్క ఫార్వర్డుతో పెళ్లి సంబంధం వారి ఫోనులోకి చేరుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం కూడా. మనవులన్నీ ఒకే నంబరుకు వచ్చేలా పెట్టి, ఆ ఫోనును సంఘకాపరి, పాస్టరమ్మ గారు ఇద్దరూ చూసేలా ఉంచండి. స్త్రీలతో, చిన్న వయసు వారితో ఫోనులో జరిగే సలహా సంభాషణలకు ఇది ఇరువైపులా రక్షణ. రాత్రి 9 దాటాక ఆపద తప్ప మరే విషయానికీ చాటింగు ఉండదని గుడిలోనే ప్రకటించండి.

స్వస్థత సాక్ష్యాలను ప్రసారం చేసేటప్పుడు ఆగి ఆలోచించాలి. దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడం వేరు, “ఇక్కడికి వస్తే క్యాన్సరు, షుగరు పోతాయి” అని పోస్టరు వేయడం వేరు. 1954 నాటి మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం అటువంటి రోగాల పేరుతో చేసే ప్రకటనలను నిషేధిస్తుంది. దానికంటే భయంకరమైనది, ఆ వీడియో చూసి ఒకరు మాత్రలు ఆపేయడం. సాక్ష్యం చెప్పేవారు డాక్టరు ఇచ్చిన మందులు తాము ఆపలేదన్న మాట కూడా ఆ వీడియోలో ఉండేలా చూడండి.

బాప్తిస్మపు వీడియోల విషయం మన జిల్లాల్లో మరింత సున్నితమైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ వర్గం కిందికి వస్తారు. ఈ చట్టం న్యాయమా కాదా అన్న వాదన ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది, నాకూ ఒక అభిప్రాయం ఉంది, కాని ఇక్కడ చెప్పవలసినది అది కాదు. బాప్తిస్మం పొందినవాడు తన విశ్వాసాన్ని ఎప్పుడు, ఎవరికి, ఏ విధంగా ప్రకటించాలో నిర్ణయించుకోవలసినది అతడే. చదువు, ఉద్యోగం, ఇంటివారితో సంబంధం, ఇన్నిటి మీద ప్రభావం చూపగల వీడియోను ఛానెలుకు చూపుల (వ్యూస్) సంఖ్య కోసం పెట్టడం కాపరి పని కాదు. ముందుగా విడిగా కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద సమ్మతి తీసుకోండి. సందేహపడితే వద్దన్నట్టే. సండే స్కూలు పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరిగా తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది.

ఇతర మతాల దేవతలను, పండుగలను హేళన చేసే మాట ఒక్కటి వేదిక మీద దొర్లినా, అది పది సెకన్ల ముక్కై ఊరంతా తిరుగుతుంది. మతాల మధ్య వైరం రేపడం, మత భావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 196, 299 సెక్షన్ల కింద నేరాలు. చట్టం మాట అటుంచి, మందిరం గోడకు అవతలి పక్కన ఉండేది మన పొరుగువారు. ప్రసారం ఉన్నదన్న ధైర్యంతో బయటి లౌడ్ స్పీకర్లను తగ్గించుకుంటే వారికి మరింత మేలు చేసినట్టవుతుంది.

కానుకలు

ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలన్న జాగ్రత్తతో పౌలు కానుక డబ్బు మోయడానికి ఇతరులను కూడా తోడు పెట్టుకున్నాడని 2 కొరింథీయులకు 8వ అధ్యాయం చెబుతుంది. యూపీఐ కాలానికి దీనికంటే మంచి నియమం లేదు. తెర మీద చూపించే క్యూఆర్ కోడు సంఘం పేరున, సొసైటీగా రిజిస్టరైన సంస్థ ఖాతాకు చెందినదై ఉండాలి. సంఘకాపరి సొంత నంబరు ఎన్నటికీ పెట్టకూడదు, ఆయన ఎంత నమ్మకస్తుడైనా సరే. ఇద్దరు సంతకాలు చేసే ఖాతా, నెలకొకసారి నోటీసు బోర్డు మీద లెక్క, ఇవి ఉంటే చాలా గొడవలు పుట్టకముందే పోతాయి. గుడి గోడ మీద అంటించిన క్యూఆర్ మీద ఎవరైనా వేరే స్టిక్కరు అంటించారేమో వారం వారం స్కాన్ చేసి పేరు చూసుకోండి.

అమెరికాలో ఉన్న మన ఊరివారు ప్రసారం చూసి డబ్బు పంపుతామంటారు. వారికి భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే వ్యక్తి అక్కడి పౌరసత్వం తీసుకుంటే, విదేశీ పౌరసత్వమున్న భారతీయ మూలాలవారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ మూలంగానే లెక్క. అటువంటి విరాళం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషను గాని ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. కనుక తెర మీద క్యూఆర్ పక్కనే ఈ షరతును స్పష్టంగా రాయండి.

సంఘకాపరి ఫొటో పెట్టుకుని వేరే నంబరు నుంచి “అత్యవసరం, పదివేలు పంపండి” అని సందేశం పంపే మోసాలు ఇప్పుడు సాధారణమయ్యాయి. “నేను ఎన్నడూ మెసేజీలో డబ్బు అడగను” అని అయ్యగారు నెలకొకసారి వేదిక మీద నుంచి చెప్పాలి. డబ్బు తీసుకోవడానికి పిన్ నొక్కనవసరం లేదన్న సంగతి పెద్దవారికి విడమరచి చెప్పాలి. పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది.

సోమవారం

యోహాను తన రెండో పత్రిక చివర, రాయవలసినవి ఎన్నో ఉన్నా కాగితంతోను సిరాతోను రాయడం ఇష్టం లేదనీ, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతాననీ అంటాడు. సోమవారం ఉదయం చేయవలసిన పని అదే. మొదట్లో రాసిన నోటుపుస్తకం తెరిచి, ఆ ముప్పై మందిలో నిన్న ఎవరు విన్నారు, ఎవరు వినలేదు అని ఒక్కొక్కరికీ ఫోను చేసి అడగండి. యూట్యూబ్ చూపించే చూపుల సంఖ్యకు పేర్లుండవు. మూడు వారాలు వరసగా వినని వారి ఇంటికి ఎవరైనా వెళ్లాలి. రావడానికి ఓపిక ఉండి కూడా తెరకే అలవాటుపడిన వారిని కూడా ఈ పుస్తకమే పట్టిస్తుంది. వారిని మందలించకండి, ఆటో ఏర్పాటు చేయండి, పక్కింటి విశ్వాసిని తోడు పంపండి.

ఆ నోటుపుస్తకాన్ని ఫోనులోకి ఎక్కించుకున్నా కాగితపు ప్రతిని పారేయకండి. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి అజిత్‌సింగ్ నగర్ మునిగినప్పుడు కరెంటు పోయింది, ఫోన్లు ఆరిపోయాయి, గ్రూపులన్నీ మూగబోయాయి. అక్కడి ఒక చిన్న సంఘంలో ఏ మేడ మీద ఏ కుటుంబం ఉందో, ఎవరికి ఇన్సులిన్ కావాలో రాసిన పుస్తకం ఒకటి సంఘ పెద్ద ఇంట్లో అటక మీద పొడిగా ఉంది. పడవ మీద వచ్చినవారికి అది చూపించి ఇళ్లు గుర్తుపట్టించారు. అందులో నంబర్లతోపాటు ఇంటి గుర్తులు, మందుల పేర్లు, పక్కింటివారి పేరు కూడా రాసి, ఆరు నెలలకొకసారి దిద్దుకుంటూ, రెండో ప్రతిని మరొక వీధిలో ఉన్నవారి ఇంట్లో ఉంచండి.